ఆరున్నొకటి

ఆమదాలవలస గూడ్సు యార్డులో నా గోగునార నూట ఎనభై కట్టలు ఆకాశం కింద పడి ఉన్నాయి. సముద్రంలో వాయుగుండం పుట్టిందని రేడియో పొద్దుటే చెప్పింది. నార ఒకసారి తడిస్తే లోలోపల వేడెక్కి కుళ్లుతుంది. మిల్లువాడు కట్ట విప్పి వాసన చూసి పక్కకు తోసేస్తాడు. అరవై ఎనిమిదో సంవత్సరం, కార్తీక మాసం. అన్ని కట్టలు పట్టే గట్టి కప్పు ఊళ్లో ఒక్కటే ఖాళీగా ఉంది, పాత సత్రం.

శ్రీకూర్మం నడిచి వెళ్లే యాత్రికుల కోసం నూరేళ్ల కిందట మా వర్తకులే కట్టించారు. బస్సులు వచ్చాక అక్కడ దిగేవాళ్లు లేక తాళం పడింది. ధర్మకర్త నగరేశ్వరరావు గారు తాళంచెవి నా చేతిలో పెట్టి నవ్వారు.

"వాడుకో గోవిందరావూ. మోసేవాడు దొరికితే చూడు."

దొరకలేదు. కలరా రోజుల్లో అక్కడ పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి ఒకామె దెయ్యమై తిరుగుతోందని ఎప్పటినుంచో చెప్పుకునేవారు. కిందటేడు నుంచి గొంతు కూడా వినపడుతోందన్నారు. అర్ధరాత్రి "ఏడు... ఏడు..." అంటుందట. అది విన్నవాడి ఇంట్లో ఏడుపు తప్పదట.

కళాసీల మేస్త్రి అప్పలసూరి తలగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "సావుకారూ, మీ నార తడిస్తే ఎండేసుకుంతారు. మా పేణాలు ఎండేస్తే లేస్తాయేటి?"

"ఈ రాత్రి నాతో సత్రం అరుగుమీద కూర్చో సూరీ. ఏమీ వినపడకపోతే తెల్లారగానే మోత మొదలుపెట్టాలి."

"ఇనపడితేనో?"

"అదేమిటో నేను చూస్తాను."

"మీరు సూడండి. నాను పరిగెడతాను."

ఆ ఒప్పందం మీదే ఇద్దరం అరుగెక్కాం. సాయంత్రం నిచ్చెన వేసుకుని హాలు కప్పు చూసి వచ్చాను. ఒక్క పెంకు కదల్లేదు. ఇక కావలసింది మనుషులే. కూర్చోలేకపోయాను. నాలుగడుగులు వేయడం, ఆకాశంకేసి చూడడం, మళ్లీ కూర్చోవడం. తూర్పున చుక్కలు ఒక్కొక్కటే మబ్బులో పడిపోతున్నాయి.

"అలా తిరక్కండి సావుకారూ. దెయ్యం కన్నా మిమ్మల్ని సూస్తేనే బయమేస్తన్నాది" అన్నాడు సూరి.

మద్రాసు మెయిలు వెళ్లిపోయింది. కాసేపటికి లోపల సర్రుమని చప్పుడు. ఆ వెనకే ఆడగొంతు, సన్నగా, సాగదీసి:

"ఏ...డు!"

సూరి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇనపడినాదా? ఏడమంతన్నాది!" రెండోసారి వినపడేసరికి అరుగు మీద సూరి లేడు, వాడి చెప్పులున్నాయి.

నేనూ లేచాను. కాని పరిగెడితే నూట ఎనభై కట్టలూ వర్షం పాలు. లాంతరు ఒత్తి తగ్గించి, తాళం తీసి లోపలికి నడిచాను. హాలు దాటి వంటశాల తలుపు దగ్గరకు వచ్చేసరికి ఆ మాటకు ముందు ఇంకేదో గొణుగుడు ఉందని తెలిసింది. చెవి ఆనించాను.

"...నాలుగు, ఐదు, ఆరు, ఏ...డు!"

ఏడవమనడం కాదది. లెక్క. నాకు ధైర్యం వచ్చింది. లెక్కపెట్టేది మా వృత్తి మనిషి కాదని కూడా అప్పుడే తెలిసింది. మేము ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనం, లాభం అంటాం. ఏడు అనం, ఆరున్నొకటి అంటాం. కొట్లో ఏడుపు మాట ఉండకూడదని.

తలుపు తోశాను. చీకట్లో అడ్డాకుల గుట్ట ముందు దాలమ్మ కూర్చుని, కుట్టిన విస్తరిని సర్రున పక్కకు తోస్తోంది. కిందటేడు వరకు స్టేషను దగ్గర విస్తళ్లు అమ్ముకునేది. గుడిసె కాలిపోయాక కూతురి ఊరు వెళ్లిపోయిందనుకున్నాం.

"ఒగ్గీ బాబూ, నానేటీ దొంగిలించనేదు" అని చేతులు జోడించింది. "విస్తరికి ఏడాకులు. దీపమెడితే బయటికి కనపడిపోతాది. అందుకని నోటితో లెక్కెట్టుకుంతన్నాను. విస్తరయ్యాక గట్టిగా అంటే నిద్దర రాదు."

చీకటి పడ్డాక దొడ్డివైపు పడిపోయిన గోడలోంచి రావడం, తెల్లారకముందే బండెక్కి చీపురుపల్లిలో విస్తళ్లు అమ్మడం. ఏడాదిగా ఇదే.

"ఊళ్లో దెయ్యమనుకుంటున్నారు, తెలుసా?"

"తెలుసు బాబూ. మనిసనుకుంటే ఉండనిస్తారేటి?"

ఆమె చెయ్యి పట్టుకుని బయటకు తెచ్చి చూపిస్తే నా పని జరిగిపోతుంది. చూపిస్తే నగరేశ్వరరావు గారు రేపే గోడ కట్టించేస్తారు, ఈమె వానలో ఉంటుంది. చూపించకపోతే నా నార వానలో ఉంటుంది. ఎటు చూసినా ఎవరో ఒకరు తడవాలి. బయట గాలి మొదలైంది.

"దాలమ్మా, ఇకమీద ఏడు అనకు. ఆరున్నొకటి అను."

"అదేటి లెక్క బాబూ?"

"మా కొట్టు లెక్క. అను."

"ఐదు, ఆరు, ఏ..."

"ఊఁ!"

"ఆరున్నొకటి" అంది, నవ్వాపుకుంటూ.

నేను వచ్చేదాకా ఆపవద్దని చెప్పి స్టేషనుకు వెళ్లాను. టీ దుకాణం వెనక కళాసీల మధ్య సూరి దుప్పటి కప్పుకుని ఉన్నాడు.

"బతికే ఉన్నారా సావుకారూ? ఏటన్నాదది?"

"ఏడవమంది. నా సరుకు దిగే చోట ఆ మాట పనికిరాదని చెప్పాను."

"దెయ్యానికా!"

"వచ్చి వినండి."

తెల్లవారుజామున పన్నెండు మంది ఒకరి వెనక ఒకరు నక్కి అరుగు దాకా వచ్చారు. లోపల సర్రుమంది.

"ఆరున్నొకటీ!"

మళ్లీ అదే మాట. సూరి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

"పగలు మనది, రాత్రి దానిది" అన్నాను. "హాలు మనది, వంటశాల దానిది. అటు ఎవరూ తొంగిచూడకూడదు. దీపాల వేళకు తాళం."

మధ్యాహ్నానికి నారంతా లోపల పడింది. ఆఖరి కట్ట గుమ్మం దాటుతుండగా మొదటి చినుకు పడింది. సూరి ముఖం తుడుచుకుంటూ అన్నాడు: "దెయ్యం కూడా మీ మాటింటాది. మేం కూలి పెంచమంటే మాత్రం మీకు ఇనపడదు సావుకారూ!" పెంచాను. ఆ రోజు బేరమాడే మనసు లేదు.

రాత్రి గాలివాన ఇంటిని పట్టి ఊపేసింది. నార పొడిగా ఉంది, నేను పడుకోవాలి. పక్క మార్చాను, మళ్లీ మార్చాను. హాలు కప్పు నేనెక్కి చూశాను. వంటశాల కప్పు చూడలేదు.

గొడుగు, పాత టార్పాలిను ఒకటి తీసుకుని తలుపు తీశాను.

"ఇంత వానలో ఎక్కడికి?" అంది నా భార్య మహాలక్ష్మమ్మ.

"నార చూసొస్తాను" అన్నాను.