గడ్డి మీద పెట్టిన దిమ్మె

గోడలోంచి గాలి వస్తోంది.

సన్నటి గాలి. చల్లటి గాలి. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి జారిపోయే గాలి... మట్టి వాసన, ఎలుకల వాసన, ఎండ ఎరగని గడ్డి వాసన మోసుకొస్తోంది.

ఆ గడ్డి వాసన నాకు తెలుసు.

ఒనీడా వదిన నా వెనకే నిలబడి ఉంది, చేతిలో కాఫీ కప్పుతో. బయట అక్టోబరు వాన. ఈ గోడను ఇంక చూడలేకపోతున్నానని, పలక మార్చేసి వెళ్ళమని పొద్దున్నే కబురు పెట్టింది. నడవలో, బాత్‌రూమ్ తలుపు పక్కన, నేల దగ్గర మొదలై నా భుజం దాకా చీలిన పలక. మధ్యలో ఉబ్బి నడవలోకి పొడుచుకొచ్చింది.

ఎనిమిది నెలలుగా ఆ చీలిక మీద ఒక కేలెండరు వేలాడుతోంది. శవపేటికల దుకాణం వాళ్ళు ఏటా ఊరందరికీ ఉచితంగా పంచేది. ఫిబ్రవరి దగ్గరే ఆగిపోయింది. వదిన కాగితం తిప్పలేదు.

కేలెండరు తీసి పక్కన పెట్టాను. మేకు కూడా పీకాను.

మా కెంటకీ కొండల్లో, ఈ వాగు పొడుగునా, అన్నీ ఇలాంటి ఇళ్ళే. చక్రాల మీద వస్తాయి. లారీ వెనక తగిలించుకుని, రోడ్డంతా ఆక్రమించుకుని, వెనక కార్లవాళ్ళు తిట్టుకుంటుండగా వస్తాయి. చక్రాలు ఊడదీసి, సిమెంటు దిమ్మెల మీద కూర్చోబెట్టి, చుట్టూ రేకు కట్టేస్తే — అదే ఇల్లు. గోడలు వేలెడు మందం కూడా ఉండవు. పలక పక్కన పలక, వాటి అతుకు మీద సన్నటి పట్టీ. ఆ పట్టీలే మా ఇళ్ళ పరువు కాపాడుతుంటాయి.

ఆ ఇళ్ళను కూర్చోబెట్టేవాణ్ణి నేనే. వెర్లిన్ సైజ్‌మోర్. వాగుకి ఆ చివర నుంచి ఈ చివర దాకా నలభై ఇళ్ళు కూర్చోబెట్టాను. రసమట్టం పెట్టి చూస్తే బుడగ నడిమధ్య నిలబడాల్సిందే. ఆ మాట అందరికీ చెప్పుకునేవాణ్ణి. అడక్కపోయినా చెప్పుకునేవాణ్ణి.

మా అన్న ఇంటికి మాత్రం...

మా పనిలో మొట్టమొదటి సంగతి గడ్డి. దిమ్మె పెట్టే చోట గడ్డి చెక్కాలి. వేళ్ళతో సహా చెక్కి, గట్టి నేల తగిలేదాకా తవ్వి, అప్పుడు పెట్టాలి. గడ్డి మీద పెడితే ఆ రోజుకి బాగానే ఉంటుంది. ఆ ఏడాదికీ బాగానే ఉంటుంది. కానీ గడ్డి చీకట్లో చచ్చిపోతుంది. కుళ్ళుతుంది. నీళ్ళు తాగుతుంది... వెంట్రుకవాసి చొప్పున దిమ్మె దిగబడుతుంది. ఈ పనిలో చెయ్యి పెట్టిన మొదటి రోజునే ఎవరైనా నేర్చుకునే సంగతి ఇది.

తొమ్మిదేళ్ళ కిందట, నవంబరు. ఎస్టిల్ అన్న ఊపిరితిత్తుల నిండా అప్పటికే బొగ్గుగని దుమ్ము. ముక్కులో గొట్టం పెట్టుకుని, బయట కుర్చీలో కూర్చుని నా పని చూస్తున్నాడు. నేను ఇంటి కింద పాకుతూ, చెక్కిన గడ్డి పెళ్ళల్ని బయటికి విసురుతున్నాను. పద్దెనిమిది దిమ్మెలు. పదిహేడు అయ్యాయి. నడవ కింద, బాత్‌రూమ్ తలుపు దగ్గర, ఒక్కటి మిగిలింది.

నా ట్రక్కు రేడియోలో ఆట మొదలవుతోంది.

మా రాష్ట్రం జట్టు బాస్కెట్‌బాల్ ఆట. ఆ ఆట వస్తుంటే ఇక్కడ చావింట్లో కూడా గొంతు తగ్గించి ఎంతయిందని అడుగుతారు. పద్దెనిమిదో దిమ్మె గడ్డి మీదే పెట్టేశాను. బయటికి వచ్చి చేతులు దులుపుకున్నాను.

అన్న నేను విసిరిన పెళ్ళల కుప్పలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"పెళ్ళలు పదిహేడు చోట్లవే ఉన్నాయేంట్రా?"

"అక్కడ నేల గట్టిగానే ఉందన్నా. పర్లేదు."

అన్న సరే అన్నాడు. నన్ను నమ్మడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. రెండేళ్ళకి పోయాడు. కొండమీద, మా అమ్మ పక్కన ఉన్నాడు.

ఆ రోజు ఆటలో ఎవరు గెలిచారో నాకిప్పుడు గుర్తు కూడా లేదు.

అన్న పోయాక, కూతురు ట్రెస్సా తల్లికి తోడుగా వచ్చేసింది. వస్తూ మొగుణ్ణి, డ్వైట్‌ని తెచ్చుకుంది. ఒహాయో నది అవతలివాడు. ఇళ్ళ పైకప్పులు వేసే పని. గొంతు పెద్దది, నవ్వు పెద్దది, అడుగు పెద్దది. వదినకి మొదటి రోజు నుంచీ గిట్టలేదు. నన్ను 'బుడగ మామయ్యా' అనేవాడు. ఇవాళ ఎవరి కొంపని నిలబెట్టొచ్చావని అడిగేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకునేది, అబద్ధమెందుకు.

బాత్‌రూమ్ తలుపు పట్టేయడం మొదలైంది.

కొద్దికొద్దిగా. ఏడాదికేడాది. గట్టిగా లాగితేగానీ పడేది కాదు. వదిన రెండు చేతులతో లాగేది. ట్రెస్సా సగం తెరిచే వదిలేసేది. డ్వైట్ ఒక్క గుంజు గుంజేవాడు — ఇల్లంతా అదిరేది. అలమరలో కప్పులు గలగలమనేవి. వదిన పళ్ళు నూరేది.

తలుపు ఎందుకు పట్టేస్తుందో ఈ వాగు మీద ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ ఆదివారాలు వచ్చి, ఆ ఇంట్లో భోంచేసి, ఆ తలుపు వంక చూడకుండా వెళ్ళిపోయేవాడు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి డ్వైట్‌కీ వదినకీ మాటా మాటా పెరిగింది. ఎందుకో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. డ్వైట్ గుంజిన గుంజుకి తలుపు దబ్బున పడింది. పొద్దున లేచేసరికి గోడ చీలి ఉంది.

వదిన నన్ను పిలిపించింది. పనివాడివి, తలుపు దెబ్బకే చీలిందో కాదో నువ్వే చూసి చెప్పమంది. ట్రెస్సా వంటగది గుమ్మంలో నిలబడింది, నాలుగో నెల కడుపు మీద చెయ్యి వేసుకుని. డ్వైట్ గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉబ్బును తడుముతున్నాడు.

"నా దెబ్బకే అయితే పలక లోపలికి పోవాలి. ఇది బయటికి తన్నుకొచ్చింది. నీకు తెలుసు కదా మామయ్యా, నువ్వు చెప్పు."

నా వంక చూశాడు.

నాకు తెలుసు. నేల దగ్గర వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉన్న చీలిక. ఆ గాలి. ఆ గడ్డి వాసన. రసమట్టం జేబులోనే ఉంది. తీసి నేల మీద పెడితే చాలు. బుడగ ఒక పక్కకి పారిపోయేది... వెర్లిన్ సైజ్‌మోర్ తన అన్న కొంపనే వంకరగా కూర్చోబెట్టాడని సాయంత్రానికల్లా వాగంతా తెలిసిపోయేది.

"తలుపు దెబ్బే వదినా," అన్నాను.

మూడు మాటలు.

అంత గొంతున్న డ్వైట్ కేకలు వెయ్యలేదు. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది. ఒక్క క్షణం నన్ను చూశాడు. లేచి, మోకాళ్ళు దులుపుకుని, బయటికి వెళ్ళి ట్రక్కు స్టార్ట్ చేశాడు. నా ఇంటి గోడలు పగలగొట్టేవాడు నాకొద్దని వదిన గుమ్మంలోంచి అరిచింది. ట్రెస్సా తల్లితో ఒక్క మాట మాట్లాడకుండా బట్టలు మూటకట్టుకుంది. చీకటి పడకముందే నది దాటారు.

జులైలో ఆడపిల్ల పుట్టింది. ట్రెస్సా ఫోన్‌లో ఫోటో పంపింది. ఫోటో ఒక్కటే. కింద మాట లేదు.

వదిన ఆ ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి నాకు చూపించింది. ఎస్టిల్ నుదురే కదూ అంది. నేను చూశాను. అన్న నుదురే. వాగు పొంగిందేమో చూసొస్తానని బయటికి వెళ్ళిపోయాను. జులైలో మా వాగు మోకాలి లోతు కూడా ఉండదు.

ఎనిమిది నెలలు... నాకు నేను ఎన్ని చెప్పుకున్నానో. వాళ్ళు ఎలాగూ వెళ్ళిపోయేవాళ్ళే. అత్తకీ అల్లుడికీ ఎలాగూ పడేది కాదు. పగిలింది గోడే కదా. ఏదీ పూర్తిగా గొంతు దిగలేదు.

ఇదిగో, ఇవాళ గోడ నా చేతిలో ఉంది.

పట్టీలు ఊడదీశాను. పలక అంచు కొంచెం పైకెత్తి లోపలికి టార్చి కొట్టాను. కింది వరస పిన్నులన్నీ పీక్కుపోయి ఉన్నాయి. నేల దిగి, నిలువు కర్రల్ని తనతో పాటు లాక్కుపోయింది. దెబ్బ ఆనవాలు ఎక్కడా లేదు. డ్వైట్ చెప్పిందంతా అక్కడే రాసిపెట్టి ఉన్నట్టుంది.

కొత్త పలక నా ట్రక్కులో ఉంది. అదే రంగు. పాతది పీకి, కొత్తది కోసి, పిన్నులు కొట్టి, పట్టీ వేస్తే సరి. సాయంత్రానికి అయిపోతుంది. ఆ తర్వాత ఎవరూ, ఎప్పటికీ కనిపెట్టలేరు... దిమ్మె ఇంకా దిగి కొత్త పలక కూడా చీలేదాకా, రెండేళ్ళ దాకా.

వంటగదిలోంచి ఉడికే చిక్కుడుగింజల వాసన. వదిన గుమ్మంలోకి వచ్చి, నాకిష్టమని పంది ఎముక వేశానని, మొక్కజొన్న రొట్టె పొయ్యిలో ఉందని చెప్పింది. తొందరేం లేదు, అన్నం తిన్నాకే చెయ్యమంది. అన్న పోయాక ఈ ఇంట్లో నాకు ఒక్క ఆదివారం కూడా ఆకలి తెలియనివ్వలేదు ఈ మనిషి.

పలక కోసే కత్తి చేతిలోకి తీసుకున్నాను.

కింద పెట్టేశాను. ట్రక్కు దగ్గరికి వెళ్ళి జాకీ తెచ్చాను.

గోడకి జాకీ ఎందుకని వదిన అడిగింది. ముందు కింద చూడాలన్నాను. ఇక్కడే నిలబడి గోడనీ తలుపునీ చూస్తుండమన్నాను. తలుపు తేలిగ్గా పడగానే కేక వెయ్యమన్నాను.

నోరు ఉంది. నోటితో చెప్పొచ్చు. అప్పుడు మూడు మాటలకి తిరిగిన నాలుక, ఇప్పుడు ఒక్క మాటకి తిరగలేదు. నా బదులు జాకీ చెప్తుందిలే అనుకున్నాను. నిజం చెప్పడంలో కూడా పిరికివాణ్ణే.

రేకు విప్పి ఇంటి కిందికి పాకాను.

తడి మట్టి వీపుకి అంటుకుంది. చుట్టూ వాన చప్పుడు. పదిహేడు దిమ్మెలు నిటారుగా నిలబడి ఉన్నాయి. పద్దెనిమిదోది తల వంచుకుని ఉంది. దాని కింద నల్లగా, జిడ్డుగా — ఒకప్పటి గడ్డి. వేలు పెడితే గోరు దాకా దిగబడింది.

ఇనుప దూలం కింద జాకీ పెట్టాను. పిడి నొక్కాను.

ఇల్లు మూలిగింది.

మళ్ళీ నొక్కాను. వెంట్రుకవాసి. మళ్ళీ. వెంట్రుకవాసి. తొమ్మిదేళ్ళు దిగబడిందాన్ని ఒక్కో నొక్కుకి ఒక్కో వెంట్రుక పైకెత్తుతున్నాను. నేల చెక్కలు టపటపమన్నాయి. పైన వదిన అడుగులు అటూ ఇటూ తిరిగాయి.

"తలుపు పడింది," అంది పైనుంచి. "వేలితో నెట్టినా పడుతోంది."

నేను ఆపలేదు. ఇంకో నొక్కు.

అడుగులు ఆగిపోయాయి. సరిగ్గా నా ముఖం మీద.

"వెర్లిన్... గోడ మూసుకుంటోంది."

పిడి మీద నా చెయ్యి ఆగిపోయింది. వాన పడుతూనే ఉంది. పైన వదిన ఊపిరి ఎలా తీసుకుంటోందో తెలియదు, నాకు మాత్రం నాది వినిపిస్తోంది.

వదిన గొంతు కిందికి వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, నేలకి నోరు దగ్గర పెట్టి అడిగినట్టుంది.

"ఆ రోజు నీకు తెలుసా?"

"తెలుసు వదినా."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. అడుగులు వంటగదిలోకి వెళ్ళాయి. పొయ్యి కట్టేసిన చప్పుడు. తర్వాత వీధి తలుపు. మెట్ల మీద ఒక్కో మెట్టూ దిగుతున్న చప్పుడు, ఆ అరిగిపోయిన మోకాళ్ళతో.

రేకు విప్పిన సందులో వదిన బూట్లు కనిపించాయి. తర్వాత చేతులు. తర్వాత ముఖం. మోకాళ్ళు బురదలో ఆన్చి, వానలో తడుస్తూ, వంగి నన్ను చూసింది. ఏడవలేదు. ఇంత ముసలిదైపోయిందని అప్పటిదాకా నేను గమనించనే లేదు.

"వెళ్ళగొట్టింది నేను. నా తప్పు నేను చెప్పుకుంటాను," అంది. "ముందు నీది నువ్వు చెప్పు."

చెయ్యి లోపలికి చాపింది. చేతిలో ఫోన్. అప్పటికే మోగుతోంది.

బురద చేతిని చొక్కాకి తుడుచుకున్నాను. పోలేదు. అలాగే తీసుకున్నాను. చెవి దగ్గర పెట్టుకుంటుండగానే అవతల ఎత్తారు.

"అత్తమ్మా?" అన్నాడు డ్వైట్. అంత పెద్ద గొంతు, ఎంత చిన్నగా వచ్చిందో. "అత్తమ్మా... బాగున్నారా? అంతా బాగానే ఉందా?"

వదిన వానలో అలాగే ఉంది, నన్నే చూస్తూ.

"నేను," అన్నాను. "వెర్లిన్‌ని."



పెట్టేస్తాడని చూశాను. పెట్టెయ్యలేదు. ఫోన్‌లోంచి అతని ఊపిరి వస్తోంది. సన్నగా... వెచ్చగా... ఆగి ఆగి వస్తోంది.