అల్లుడి కోటు గుండీ

నేను ఒక నల్ల కోటును. విశాఖపట్నంలో వరాహమూర్తి గారి ఫోటో స్టూడియోలో మేకుకు వేలాడుతున్నాను. ఆ పొద్దున మంచి కబురు గుమ్మంలోకి నడిచే వచ్చింది. బొమ్మ పడే గాజు పలకలు కడగడానికి నీళ్ళు మోసే నూకాలు అప్పుడే బిందె దించుతోంది. బర్మా మీద బాంబులు పడితే ఇల్లూవాకిలీ వదిలి, దారిలో తండ్రి నుంచి తప్పిపోయి, కొండలు దాటి నడిచొచ్చిన పిల్ల. ఆమెను వెతుక్కుంటూ వచ్చిన సన్యాసి అనే పెద్దాయన, "మీ అయ్య బతికే ఉన్నాడే. చిట్టగాంగ్ ఆసుపత్రిలో ఉన్నాడు," అన్నాడు. బిందె ఒరిగి సగం నీళ్ళు నా అంచు మీద చిందాయి. ఆ తడి కూడా నాకు ఎంత బాగుందో!

నన్ను మొదట ఒక ప్లీడరు గారి కొలతలకు కుట్టారు. ఆయన లావెక్కారు, నేను ఎక్కలేదు. అలా స్టూడియోకు చేరాను. కోటు లేనివాళ్ళంతా నన్ను తొడుక్కునే ఫోటో దిగేవారు. బక్కవాళ్ళకు వీపు దగ్గర పిన్నీసులతో బిగించేవారు. ముందు నుంచి దొర, వెనక నుంచి దండెం. మనుషులు ముందువైపే చూస్తారు కాబట్టి నా బతుకు హాయిగా గడిచింది. ఓ కొత్త పెళ్ళికొడుకు నా జేబులో మరిచిపోయిన సంపెంగ వాసనను వారం పాటు దాచుకున్నాను.

కూతురు కొండల్లోనే పోయిందనుకుని నూకాలు తండ్రి తిండి మానేశాడట. నోటిమాట చెబితే నమ్మడట. సన్యాసి తమ్ముడు కూడా ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు. అందుకే సన్యాసి ఒక రోజు ఆగి తిరుగు రైలెక్కుతాడు. ఈలోగా నూకాలుకు ఒక ఫోటో కావాలి. కిందటి నెలే ఆమె హార్బరులో పనిచేసే ఎర్రయ్యను పెళ్ళాడింది. కోటేసుకునే అల్లుణ్ణి తెస్తానని ఆమె తండ్రి రంగూన్‌లో అందరితోనూ అనేవాడట. ఆ మాట చెబుతూ ఆమె నా వైపే చూసింది. డబ్బులేం వద్దు, తీస్తానన్నారు వరాహమూర్తి గారు. నాకాయన దేవుడిలా కనిపించారు.

ఆ మధ్యాహ్నం, మొదట నూకాలును ఒక్కదాన్నే నిలబెట్టారు. "అరచెయ్యి చాపమ్మా, వెలుతురు చూసుకోవాలి," అన్నారు. అందరి దగ్గరా అలాగే చూస్తారు. ఈసారి మాత్రం నల్లగుడ్డ కింద తల దూర్చారు, కెమెరాలో పలక తలుపు జారిన చప్పుడైంది. తర్వాత నన్ను ఎర్రయ్యకు తొడిగారు.

"పిలీడరు నాగున్నావు మావా," అంది నూకాలు.

"నవ్వించకు. పిన్నీసు గుచ్చుకుంతాది."

మేం ముగ్గురం ఊపిరి బిగించాం. ఆయన కెమెరా మూత తీశారు, పెట్టారు. పలక తలుపు చప్పుడు మాత్రం ఈసారి నాకు వినిపించలేదు. యుద్ధం వల్ల పలకలు దొరకడం లేదు మరి. ఖాళీ కెమెరా ముందు మేం అంత అందంగా నవ్వాం.

మర్నాడు సాయంత్రం వాళ్ళిద్దరూ సన్యాసిని వెంటబెట్టుకుని వచ్చారు. స్టూడియో వీధివైపు అద్దం వెనక నూకాలు బొమ్మ పెద్దది పెట్టి ఉంది. చిరుగు చీర, చాపిన చెయ్యి. కింద 'బర్మా అనాథలకు సాయం చేయండి' అని రాసి ఉంది. శరణార్థుల సహాయ సంఘం వాళ్ళు ఈ బొమ్మనే ఏరుకున్నారట. కోటు ఫోటో పాడైందనీ, దీన్నే పంపుకోమనీ అన్నారు వరాహమూర్తి గారు.

నూకాలు బొమ్మలో చాపిన చేతిని చూపించింది. "ముష్టెత్తుతున్నట్టున్నాను బాబూ. వెలుతురు సూత్తానన్నారు గదా."

దీనివల్ల మీవాళ్ళందరికీ మంచే జరుగుతుందని ఆయన ఎటో చూస్తూ చెప్పారు. ఆమె ఆ బొమ్మను ముట్టుకోలేదు. నా దగ్గరికి వచ్చి నా గుండె మీద చెయ్యి వేసింది. వీడ్కోలేమో అనుకున్నాను. వంగి, పంటితో దారం కొరికి, నా పై గుండీ తెంపి సన్యాసి చేతిలో పెట్టింది.

"మా అయ్యకి సూపించు. అల్లుడి కోటుదని సెప్పు. ఆడు తొడుక్కుంతే నీ కూతురు నవ్విందని సెప్పు."

సన్యాసి దాన్ని రొంటిన దోపుకున్నాడు. వాళ్ళు వెళ్ళాక వరాహమూర్తి గారు నా గుండీ ఊడిన చోట వేలు పెట్టి చూశారు. ఇక ఈ కోటుతో పనిలేదనీ, రేపు శరణార్థుల క్యాంపులో ఇంకా చాలామందిని తీయాలనీ భార్యకు చెప్పారు. కెమెరా నల్లగుడ్డ చిరిగిందట.

రేపు పొద్దున నా గుండీ చిట్టగాంగ్ రైలెక్కుతుంది. నన్ను మాత్రం ఈ రాత్రే కుట్లు విప్పి, కెమెరా వెనక ఆయన తల కప్పే నల్లగుడ్డగా కుట్టించి, క్యాంపుకు తీసుకెళ్తారట.