శుక్రవారం కడిగిన బండి

మా మరిది సాయినాథ్ ఏం చెప్పాలన్నా ముందు చేతి గడియారం చూసుకుంటాడు. ఆ రోజు కూడా చూసుకునే మొదలుపెట్టాడు.

"వదినా, పాత ఇనుము కొనేటోడు సోమవారం వస్తాడంట. వసారాలో బండి ఎత్తిచ్చేద్దాం. ఆడ కొత్త మగ్గం దించుకోవచ్చు."

"ఎత్తిస్తే ఎత్తించు. అంతకు ముందు తెలిసినోడు ఒకడు చూడల్ల" అన్నాను. "హిందూపురంలో మెకానిక్ చెన్నప్పకు చూపిద్దాం. పనికిరాదని ఆయప్ప చెప్తే ఆడనే వదిలేసొస్తా. బాగవుతాదంటే మాత్రం అది కదలదు. నీ మగ్గం యాడన్నా పెట్టుకో."

సాయినాథ్ మళ్లీ గడియారం చూసుకుని సరేనన్నాడు.

బండి అంటే యెజ్డి మోటార్‌సైకిలు. మా ఆయన గోవిందరాజులు పెళ్లికి ముందే కొనుక్కున్నాడు. నేసిన చీరలు మూటగట్టి వెనక సీటుకు బిగించి, ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం అంగళ్లకు పాతికేళ్లు తిరిగాడు దాని మీద. కిక్కు కొట్టేదీ గేరు వేసేదీ ఒకటే కడ్డీ. అది తెలియక మా తమ్ముడు ఓసారి కిక్కు ఎక్కడుందో వెతుక్కుంటూ బండి చుట్టూ ప్రదక్షిణం చేశాడు. ఆ కథ మా ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని బండి పక్కగా నడిచినా "ముట్టుకోవద్దు" అనేవాడు. ఆ మాట నాకు రోజుకు ఒక్కసారైనా వినిపించేది.

పదకొండేళ్ల కిందట ఆయన మూత్రపిండాలు చెడిపోయాయి. బెంగళూరు ఆసుపత్రికి పోయే రోజు పొద్దున్నే కారు వీధిలోకి వచ్చింది. నేను సంచి పట్టుకుని వెనకాల నడుస్తున్నాను. ఆయన బండి పక్కనుంచే పోయాడు, తల కూడా తిప్పలేదు. "దాన్ని అట్లనే వదిలెయ్, ముట్టుకోవద్దు" అన్నాడు, అంతే. మూడు వారాల తర్వాత ఆయన్ను అంబులెన్సులో తీసుకొచ్చాం.

కర్మలన్నీ అయ్యాక మగ్గం దగ్గరికి పోయి చూస్తే పడుగు కొస కోసేసి ఉంది. ఇది మా పని తెలియనివాళ్లకు చెప్పాలి. ఒక పడుగు మీద చీరలన్నీ నేసేశాక, చివర మిగిలే పోగులను తీసేయం. పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చులోనే జానెడు వదిలేస్తాం. కొత్త పడుగు వచ్చాక దాని పోగులను ఒక్కొక్కటిగా ఈ పాత కొసలకు అతికి లాగుతాం. కొస ఉంటే రెండు రోజుల్లో మగ్గం మళ్లీ ఆడుతుంది. కొస కోసేస్తే వేల పోగులను మొదటి నుంచి అచ్చు సందుల్లోకి ఎక్కించాలి. అందుకే ఇంక నేయం అనుకున్నవాళ్లు తప్ప మా వీధిలో ఎవరూ కొస కోయరు.

పక్కింటి అంజనమ్మా నేనూ ఎనిమిది రోజులు కూర్చుని ఆ పోగులన్నీ ఎక్కించాం. ఆ ఎనిమిది రోజులూ నాకు ఒకటే ఆలోచన. ఈ మనిషి చావబోతున్నానని తనకు తానే తేల్చుకున్నాడు. నాతో ఒక్క మాట అనలేదు. కొస కోశాడు, బండిని వదిలెయ్యమన్నాడు, పోయాడు. ఇంక ఆసుపత్రిలో నేను రాత్రింబగళ్లు కాళ్లు పట్టింది ఎవరికి? ఆ కోపం ఏడుపుకు చోటివ్వలేదు. వచ్చినవాళ్లంతా ఏడ్చారు, నేను వాళ్లకు టీలు పోశాను. గట్టి మనిషి అన్నారు. గట్టీ కాదు, మెత్తా కాదు, లోపల ఏమీ లేదు. పదకొండేళ్లుగా అంతే.

బండిని మాత్రం కడిగాను. నిజం చెప్పాలంటే ముట్టుకోవద్దన్నాడనే మొదట ముట్టుకున్నాను. ఇప్పుడొచ్చి ఆపు చూద్దాం అనుకుంటూ రెండు బిందెల నీళ్లు పైనుంచి కుమ్మరించాను. అది శుక్రవారం. మరుసటి శుక్రవారం కూడా కడిగాను. తర్వాత కోపం సంగతి మర్చిపోయి, పళ్లు తోముకున్నట్టు అదొక అలవాటైంది. కడగడం, పసుపు రాయడం, మూడు బొట్లు పెట్టడం. ఒకటి లైటు మీద, ఒకటి ట్యాంకు మీద, ఒకటి హ్యాండిల్ కింద మెడ దగ్గర. ఎర్రటి నీళ్లు బండ మీదుగా కాలవలోకి పోయేవి. కుంకుమ కదా అనుకుని చీపురుతో తోసేదాన్ని.

చెన్నప్పకు చూపించాలని ఎందుకు పట్టుబట్టానంటే, ఆయన వదిలేసి పోయినదాన్ని నేను నిలబెట్టానని ఎవరో ఒకరు చెప్పాలి. తెలిసినవాడు చెప్పాలి. నాకు కావలసింది ఆ ఒక్క మాటే.

శనివారం సాయినాథ్ తన సామాన్ల ఆటోలో బండి ఎక్కించాడు. ఎక్కించేటప్పుడే ఒక కాలి రెస్టు ఊడి కింద పడింది. నేను దాన్ని తీసి ఒళ్లో పెట్టుకున్నాను. పెనుకొండ దాటేవరకూ కొత్త కార్లు మోసుకుపోయే పొడుగాటి లారీలు ఒకదాని వెనక ఒకటి. తెల్లగా, ఎర్రగా, ఇంకా ప్లాస్టిక్ కవర్లు కూడా తీయని కార్లు. మధ్యలో మా ఆటో, మా తుప్పు. పెనుకొండలో మా ఆయన టీ తాగే అంగడి దగ్గరే సాయినాథ్ ఆపాడు. అంగడాయన ఆటోలోకి తొంగి చూశాడు.

"ఏమక్కా, తూకానికేనా?"

"నీ టీ కంటే గట్టిదే లేప్పా" అన్నాను. ఆయన నవ్వి ఇంకో గ్లాసు పోశాడు.

హిందూపురంలో చెన్నప్ప షెడ్డు పాతబండ్లతో నిండి ఉంది. అరవై దాటినవాడు. మా ఆయన బండికి మొదటినుంచీ ఆయనదే చేయి. మాట తెలుగే, నడుమ కన్నడం దొర్లుతుంది. బండి దించగానే గుర్తుపట్టాడు.

"గోవిందప్పదే కదా" అన్నాడు. ఒంగి కూర్చుని చుట్టూ చూశాడు. సీటు కింద చాసీ గొట్టం మీద స్క్రూడ్రైవర్ పెట్టి కొంచెం నొక్కాడు. పిడి దాకా లోపలికి దిగిపోయింది. మరోచోట నొక్కాడు. అక్కడా దిగింది. ట్యాంకు అడుగున వేలితో తడితే పెచ్చులు రాలాయి.

"ఇది ఊరికే నిలిచిన బండి గాదమ్మా" అన్నాడు. "ఊరికే నిలిస్తే దుమ్ము పడతాది, ఇంత తుప్పు పట్టదు. దీని మీద నీళ్లు పడినాయి. వానలో పెట్టినారా?"

"లేదు. వసారాలోనే ఉండాది."

"మరి నీళ్లు యాడనుంచి వచ్చె?"

సాయినాథ్ నా వైపు చూశాడు. ఈసారి గడియారం చూసుకోలేదు.

"నేనే కడుగుతాండా" అన్నాను. "ప్రతి శుక్రవారం."

"బోరు నీళ్లా?"

"ఊ."

"ఎన్నేండ్ల నుంచి?"

"పదకొండు."

చెన్నప్ప లేచి డీజిల్ డబ్బా తెచ్చుకున్నాడు. డీజిల్ తడిపిన గుడ్డతో హ్యాండిల్ కింద మెడ దగ్గర తుడిచాడు. కుంకుమ పొరలు పొరలుగా లేచింది, దానితోపాటు ఇనుము కూడా లేచింది. గుడ్డ మీద ఏది కుంకుమో ఏది తుప్పో తెలియలేదు. రెండూ ఒకటే రంగు. అప్పుడు అర్థమైంది నాకు, పదకొండేళ్లు కాలవలోకి పోయిన నీళ్లు ఏ నీళ్లో.

"ఈడ చాసీ నంబర్ ఉండల్ల" అన్నాడు. "బొట్టు ఈడనే పెడతాంటివా తల్లీ?"

తల ఊపాను.

"నంబర్ లేకుంటే రోడ్డెక్కనియ్యరు. ఎక్కినా ఈ గొట్టాలు మనిషి బరువు మొయ్యవు. మొత్తం మార్చల్ల, మార్చితే అది ఇంకో బండి అవుతాది." గుడ్డ పక్కన పెట్టి అన్నాడు. "దుమ్ములో అట్లనే వదిలేసి ఉంటే నెలలో బాగు చేసిచ్చేటోణ్ణి. అబద్ధం జెప్పను."

నాకు ఏమీ అనిపించలేదు. ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కాలి రెస్టు చేతిలోనే ఉంది, దాన్ని అక్కడి బల్ల మీద పెట్టాను. సరే, వదిలేసి పోదాం పద అని సాయినాథ్‌తో అన్నాను. సోమవారం రావద్దని పాత ఇనుమోడికి చెప్పడానికి వాడు ఫోను తీశాడు.

"ఉండప్పా, ఇంజన్ ఇప్పి చూడనీ. వచ్చినారు కదా" అన్నాడు చెన్నప్ప.

సైలెన్సర్ గొట్టం ఇంజన్‌లోకి దిగే చోట పెద్ద నట్టు ఉంటుంది. డీజిల్ పోసి, సుత్తితో మెల్లగా కొట్టి, అర్ధగంట తంటాలు పడి దాన్ని తిప్పాడు. గొట్టం పక్కకు లాగాడు. ఆ రంధ్రంలో నల్లగా ఏదో కుక్కి ఉంది. సన్న ముక్కు పట్టకారుతో పట్టి లాగితే నూనె కారుతూ ఉండ బయటికి వచ్చింది.

"ఇది నీ పనా?"

"కాదు."

ఆయన దాన్ని పిండి, గుడ్డకు రుద్ది, నా చేతిలో పెట్టాడు. పట్టుపోగులు. నూనె పోయిన చోట వంకాయ రంగు. ఒక కొస కత్తెరతో సమంగా కోసి ఉంది. నేను నలభై ఏళ్లుగా మగ్గం మీద కూర్చుంటున్నాను, నా ఇంటి పడుగు నాకు తెలియకపోదు. ఆయన చివరగా నేసిన పడుగు అది. కోసేశాడని నేను పదకొండేళ్లు తిట్టుకున్న కొస.

"చేసినాడే" అన్నాడు చెన్నప్ప, తనలో తాను అనుకున్నట్టు. "ఫోన్లో అడిగినాడమ్మా. ఆస్పత్రికి పోతాండా అన్నా, బాగై వచ్చేసరికి ఏడాది పట్టొచ్చు, అంతవరకు బండి చెడకుండా ఏం జేయల్ల అని. అప్పుడు నేను, లోపల ఆయిల్ పోసి, నోర్లన్నీ మూసి, ఎవరూ ముట్టుకోకుండా వదిలేయ్ అంటి. నూలు గుడ్డ పెట్టొద్దు, చెమ్మ పీలుస్తాది, పట్టు దొరికితే ఆయిల్లో ముంచి పెట్టు అంటి. మా ఇంట్లో పట్టుకేం కొదవన్నా అని నవ్వినాడు."

"ఎప్పుడు?"

"పోయే ముందురోజే. వచ్చినాక మొదట హిందూపురానికే వస్తా, కాసుకోనుండు అన్నాడు."

నేను అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను.

చెన్నప్ప రెండో వైపు నోట్లోనుంచి, కార్బరేటర్ పక్కనుంచి కూడా పోగుల ఉండలు తీశాడు. ప్లగ్గు విప్పాడు. నన్ను రమ్మని పిలిచి, ఆ ప్లగ్గు రంధ్రం మీద అరచెయ్యి పెట్టమన్నాడు. మా ఆయన ఉంటే ముట్టుకోవద్దనేవాడు. పెట్టాను. చెన్నప్ప కడ్డీ మీద కాలు పెట్టి తొక్కాడు. ఒకసారి బిగుసుకుంది. రెండోసారి కిందికి దిగింది. నూనె వాసనతో గాలి నా అరచేతిని గట్టిగా తోసింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ తోసింది.

"ఇంజన్ చెన్నాగుండాది, శానా బాగుండాది" అన్నాడు. "ఇంకో చాసీలో పెడితే పరిగెత్తుతాది. అడిగేటోళ్లు ఉండారు."

నేను కడిగిందంతా పోయింది. ఆయన మూసిపెట్టింది నిలిచింది. ఈ లెక్క నాకు నచ్చలేదు, కానీ అబద్ధమని అనలేను. ఇంకొకటి కూడా తెలిసింది. ఆయన చావుకు సిద్ధమై పోలేదు. తిరిగి రావడానికి అన్నీ సర్దుకుని పోయాడు. మగ్గానికి నేనున్నాను, ఎన్ని పోగులైనా ఎక్కిస్తానని ఆయనకు తెలుసు. నాతో ఆ మాట చెప్పి ఉండవచ్చు కదా, మొండి మనిషి. చెప్పకపోయినా నేను అడిగి ఉండవచ్చు. అడగలేదు. తిరిగొద్దామని పోయినవాణ్ణి వదిలేసి పోయాడని ఇన్నేళ్లూ తిట్టుకున్నాను. అది తప్పు. ఆయనకు చెప్పడానికి లేదు.

"చెన్నప్పన్నా, ఇంజన్ ఒక్కటే ఇప్పి ఇయ్యి" అన్నాను. "ఆ పోగులు మళ్లీ ఆయిల్లో ముంచి, ఎట్లుండె అట్లనే నోర్లు మూసెయ్యి. మిగతాది నువ్వేమన్నా చేసుకో."

సాయినాథ్ తల గోక్కున్నాడు. "ఇంజన్ ఇంట్లో పెట్టుకొని ఏం జేస్తావు వదినా?"

"ఏమీ చెయ్యను" అన్నాను. "ముట్టుకోను కూడా."

తిరిగి వచ్చేటప్పుడు పెనుకొండలో ఆపమనలేదు. ఇంజన్ వెనకాల గోనెసంచిలో ఉంది. నా అరచేతికి నూనె ఇంకా అంటుకునే ఉంది, చీరకు తుడుచుకోలేదు. సాయినాథ్ కొత్త మగ్గం ఏ వైపు దించాలో చెబుతున్నాడు. ఎటు దించినా సరే అన్నాను, ఇంజన్‌కు ఒక మూల ఉంటే చాలు.

శుక్రవారం పొద్దున ఇంక నాకు ఒక గంట ఖాళీ. ఆ గంట కూర్చుని మా ఆయన కోసం ఏడవాలని ఉంది. పదకొండేళ్లయింది కదా, ఏడుపు వస్తుందో రాదో.