తుత్తం వెయ్యని జిగురు

మా ఇంట్లో పూసల పని జరిగినంతసేపు ఫ్యాను వెయ్యం. ఓర్వకల్లు ఎండల్లో, రేకుల ఇంట్లో. చెబితే నవ్వుతారు గానీ నిజం. కత్తిరించిన కాగితం ముక్కలు ముందర గుట్టగా ఉంటాయి కదా, ఫ్యాను తిరిగిందంటే ఇల్లంతా లేచిపోతాయి. ఏరుకునేసరికి ఒక పూట పోతుంది. అందుకని చెమట తుడుచుకోవడానికి మా ఆవిడకొక తువ్వాలు, నాకొక తువ్వాలు పెట్టుకుని కూర్చునేవాళ్లం.

పని ఏమిటో కూడా చెబుతాను, చాలామందికి తెలియదు. పాత క్యాలెండర్లు, రంగుల పుస్తకాలు, పెండ్లి కార్డులు పోగు చేసుకుంటాం. కాగితాన్ని ఒక కొస వెడల్పుగా, రెండో కొస సన్నగా వచ్చేటట్టు పొడుగ్గా కత్తిరించాలి. వెడల్పు కొసను సైకిల్ పుల్లకు ఆనించి గట్టిగా చుట్టుకుంటూ పోవాలి. చివర జిగురు రాసి, పుల్ల లాగేస్తే పూస. నడుమ లావుగా, రెండు పక్కలా సన్నగా ఈతగింజ మాదిరి ఉంటుంది. వార్నిష్ పూసి, దారానికి ఎక్కించి, రెండు మేకుల మధ్య ఆరగడతాం. నలభై పూసలకు ఒక దండ. క్యాలెండర్‌లో తేదీలు, కార్డులో బంగారు రంగు, ఏదో పత్రికలో ఎవరిదో చీర అంచు, అన్నీ చుట్టుకుపోయి ఏది ఏదో తెలియకుండా అవుతాయి. చూడ్డానికి బాగుంటాయి.

నా పేరు నెహెమ్యా. ఇరవై రెండేండ్లు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేశాను. ఆ పొడి ఛాతీలోకి పోయి కూర్చుంది. బిందె ఎత్తితే దగ్గు, నాలుగు మెట్లు ఎక్కితే దగ్గు. మా ఆవిడ కృపమణి కూలికి పోయేది. చలికాలం పత్తి, తర్వాత మిరప, ఎండాకాలం ఉపాధి పనిలో తట్ట మోయడం. రెండేండ్ల కిందట ఆమె మోకాళ్లు పోయాయి. కర్నూలు డాక్టరు ఫోటో తీసి చూసి, అరిగిపోయాయమ్మా, వంగే పని, మోసే పని చెయ్యకూడదు అన్నాడు.

"ఆ రెండూ తీసేస్తే ఇంక నాకు మిగిలేదేముండాది సార్?" అని అడిగింది. డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

సరిగ్గా ఆ రోజుల్లో మహిళా సంఘం తరఫున శివాని ఈ పని ఇచ్చింది. శివాని పెద్ద రైతుల ఇంటి కోడలు, ముప్పై దాటి ఉండవు, స్కూటీ మీద ఊరూరా తిరిగి ఆడవాళ్లకు పని చూపిస్తుంది. గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని చేసుకునే పని. "చర్చీలో తప్ప నేను ఇంతసేపు కూర్చున్నది ల్యా" అనేది కృపమణి మొదట్లో. ఈ పని పోతే ఆమె మళ్లీ తట్ట ఎత్తాల్సిందే. నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. దాన్ని గురించి మేం మాట్లాడుకునేవాళ్లం కాదు.

కష్టం జిగురుతో వచ్చింది. శివాని సీసాల్లో ఇచ్చే జిగురు వాసనకు నాకు దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. పైగా మార్చి ఎండకు అది చుట్టడం పూర్తయ్యేలోపే ఎండిపోయేది. అప్పుడు కర్నూలులో పిల్లలకు నాట్యం నేర్పే వాళ్ల దగ్గర నుంచి ఎనభై దండలకు పని వచ్చింది. మే నెలలో కార్యక్రమం. ఎనభై మంది ఆడపిల్లల మెడల్లోకి.

మా అమ్మ ఈస్టర్ పండక్కి సమాధుల మీద పెట్టే కాగితం పూలు చేసేది. మైదా ఉడకబెట్టి జిగురు చేసి, అందులో చిటికెడు మైలుతుత్తం వేసేది. నీలంగా ఉంటుంది చూడండి, పోస్టర్లు అంటించే వాళ్లూ వేస్తారు. అది విషం. అది పడితే ఆ జిగురు జోలికి పురుగు రాదు.

నేనూ మైదా ఉడకబెట్టాను. అంగట్లో తుత్తం కూడా తెచ్చాను. పొట్లం విప్పి చేతిలో పట్టుకున్నాక మనసు ఒప్పలేదు. చిన్నపిల్లలు, దండ మెడలో వేసుకుంటే కాసేపటికి పూస నోట్లో పెట్టుకుంటారు, మనం చూడనిది కాదు. పొట్లం మళ్లీ కట్టి చూరులో దోపాను.

కృపమణి ఒక పూస చుట్టి, వేలితో ఒత్తి చూసింది.

"జిగురు మార్చినావే?"

"మైదా."

"మీ యమ్మ చేసిన మాదిరేనా?"

"ఆఁ" అన్నాను.

ఆ ఒక్క ముక్కే అన్నాను. ఎనభై దండలూ నెల తిరక్కముందే అయిపోయాయి. దగ్గు కూడా తగ్గింది. శివాని వచ్చి దండలు చూసి, "అన్నా, ఈసారి శానా నున్నగా వచ్చినాయి" అని మెచ్చుకుని, అట్టపెట్టెలో సర్దుకుని పోయింది.

ఏప్రిల్ చివర ఒకరోజు పదకొండు గంటలకు అదే పెట్టెను స్కూటీ ముందర పెట్టుకుని మళ్లీ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. పెట్టెను మా చాప మీద బోర్లించింది.

దండలు పడ్డాయి. వాటితో పాటు తెల్లటి పొడి రాలింది. ఆ పొడిలో నుంచి పిండిలో పడే ఎర్ర పురుగులు, సన్నవి, నలుదిక్కులా పాకాయి.

"ఇవేందక్కా?" అంది శివాని.

కృపమణి ఒక పూస తీసి బొక్కలోకి ఊదింది. ఇంకో పక్క నుంచి పొడి లేచింది. "పురుగు పడినాది" అంది నెమ్మదిగా.

"పడినాదని నాకూ కనపడతాండాది. సంచుల్లో ఎయ్యాలని పెట్టె తెరిస్తే చేతులకు పాకినాయి. బియ్యంలో పడతాది, కందిపప్పులో పడతాది, పూసల్లో పడేది నేను యాడా చూళ్లా!"

పక్కింటి సిద్దమ్మ అరుగు మీద నుంచి మెడ సాచి చూసింది. ఆమెకు అరవై దాటినా ఉపాధి పనికి పోతుంది, నోరు ఊరుకోదు.

"ఏమ్మే కృపా, చాటలో పోసి చెరుగు, పుచ్చుపూసలు పక్కకొస్తాయి!"

"నువ్వు గమ్మునుండు సిద్దమ్మా" అన్నాను.

"నాకేమప్పా, నేను గమ్మునే ఉంటా. పూసలు పోతే మా జతకు రమ్మను. చెరువు కట్ట కాడ పని ఉండాది."

కృపమణి నా వైపు చూసింది. అడగలేదు. నా ముఖం చూస్తేనే ఆమెకు అర్థమైపోయింది. శివాని వైపు తిరిగి, "నేనే శివానమ్మా" అంది. "నువ్విచ్చిన జిగురు ఎండిపోతాందని నేనే మైదా ఉడకబెట్టినా."

"సీసాలు ఇచ్చినా గదక్కా నీకు! అయిపోయింటే ఒక ఫోను చేస్తే తెచ్చిస్తాంటినే."

"తప్పయిపోయినాది."

శివాని చీర కుచ్చిళ్లు ఎత్తి, కాలి మీదికి పాకిన పురుగును దులిపింది. కోపం కంటే అలసటే ఎక్కువ కనిపించింది ఆ పిల్ల ముఖంలో. "ఆ నాట్యమోళ్లకు నేనేం చెప్పాల? నందికొట్కూరు ఆడోళ్లు పనికోసం నాలుగు నెలల్నుంచి అడుగుతాండారు. ఇంక వాళ్లకే ఇస్తానక్కా. ఏమీ అనుకోవద్దు."

కృపమణి చేతులు రెండూ మోకాళ్ల మీదికి పోయాయి. తెలిసి పెట్టుకున్నట్టు లేదు, వాటంతట అవే పోయాయి.

"ఆమె కాదు" అన్నాను నేను.

"నువ్వు ఊరుకో" అంది కృపమణి.

"ఊరుకునేదేముంది. శివానమ్మా, జిగురు నేను చేసినా. సీసా వాసనకు నాకు దగ్గు. అందుకని మైదా చేసినా. దాంట్లో తుత్తం ఎయ్యాల, ఎయ్యల్యా. పసిబిడ్డలు నోట్లో పెట్టుకుంటారేమోనని. ఆమె అడిగితే ఏసినట్టే చెప్పినా. ఆమెకు తెలీదు."

సిద్దమ్మ కోళ్లు పురుగుల కోసం గడప దాటి లోపలికి వచ్చేశాయి.

"బిడ్డల గురించి అనుకున్నది మంచిదే అన్నా" అంది శివాని. "కానీ నాకు చెప్పాల కదా. నువ్వు చెప్పింటే వాసన లేని జిగురు చూసేదాన్ని."

"చెప్పల్యా. తప్పే."

ఆమె కృపమణి పక్కన కిందికి కూర్చుంది. మొదటిసారి. "అక్కా, రేప్పొద్దున్నుంచి నువ్వు సంఘం హాలుకు రా. ఆటో పంపిస్తా. మిగతా ఆడోళ్లతో కలిసి ఎనభై దండలూ మళ్లీ చెయ్యాల, నా కండ్ల ముందర. ఇండ్ల కాడ చేసేది ఇంక వద్దు. ఎవరికీ వద్దు."

"ఆయప్ప కత్తిరించేది బాగా కత్తిరిస్తాడమ్మా. ఒక గీత తప్పడు" అంది కృపమణి.

"ఆడ కత్తిరించే మిషను ఉండాదిలే అక్కా."

నేను కోళ్లను బయటికి తోలాను. ఏదో ఒక పని కావాలి కదా చేతికి.

శివాని పోయాక దండలన్నీ బయట పోసి నిప్పు పెట్టాం. వార్నిష్ కాబట్టి భగ్గుమని అంటుకున్నాయి. కృపమణి దూరంగా గోడ పట్టుకుని నిలబడి చూసింది.

"నేనడిగినప్పుడు ఆఁ అంటివే" అంది.

"అన్నా."

"యాల?"

"చెప్తే ఎయ్యమంటావని."

"ఎయ్యమనేదాన్నే." నా వైపు తిరిగింది. "అయినా నాకు తెలీకడుగుతా, వార్నిష్ నోట్లో పెట్టుకుంటే మాత్రం బిడ్డలకు మంచిదా?"

నిజం చెబుతున్నాను, ఆ ఆలోచన నాకు అంతవరకు రాలేదు. ఎనభై దండలకు నా చేతులతోనే వార్నిష్ పూశాను, దాన్ని గురించి ఒక్కసారి కూడా అనుకోలేదు. తుత్తం అంటే విషం అని చిన్నప్పుడు అమ్మ చెప్పింది కాబట్టి భయపడ్డాను. వార్నిష్ గురించి ఎవరూ చెప్పలేదు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉండాది" అంది కృపమణి. కొంచెం నవ్వింది కూడా. తర్వాత ముఖం తుడుచుకుని లోపలికి పోయింది.

రెండు వారాలైంది. పొద్దున ఎనిమిదికి ఆటో వస్తుంది. నేను సంగటి గెలికి, చింతాకు పప్పో ఊరిబిండి పచ్చడో డబ్బాలో పెట్టి ఇస్తాను. ఆమె పోయాక ఇల్లు ఊడుస్తాను. దండలు ఆరగట్టిన మేకులు పీకేద్దామనుకుని, తర్వాత చూద్దాంలే అని వదిలేస్తున్నాను. మధ్యాహ్నం ఫోను చూస్తాను, ఇలాంటివి రాస్తాను. నిద్ర వస్తే పడుకుంటాను. ఖాళీగా ఉంటే దగ్గు ఎక్కువగా తెలుస్తుంది.

ఈ రోజు శనివారం. ఆరు గంటలకు ఆటో దిగింది. ముందు ఒక కాలు కింద పెట్టి, కమ్మీ పట్టుకుని, ఇంకో కాలు దించింది. డబ్బా అందుకున్నాను. హాల్లో కుర్చీలు వేశారంట, మోకాళ్లకు హాయే గానీ పొద్దంతా కాళ్లు వేలాడి పాదాలు ఉబ్బుతున్నాయి. అరుగు మీద కూర్చోబెట్టి, కాళ్ల కింద పీట జరిపి, చెంబుతో నీళ్లు పోశాను.

"దండలు అయిపోయినాయా?"

"అయిపోయినాయి. శివానమ్మ ఒక్కొక్కటి దులిపి చూసినాది."

"ఇంక?"

"ఇంకో పని వచ్చినాదంట. రేపు గూడ రమ్మనినారు."

"ఆదివారమా? మరి చర్చీ?"

"చర్చీ అయినంక."

"నువ్వేమంటివి?"

కండ్లు మూసుకుని ఉంది. వేళ్లతో పాదం నొక్కుకుంటోంది.

"వస్తానంటి. కూచునేదే గదా."

నేను రెండో చెంబు నీళ్లు తేవడానికి లేచాను.