అద్దెకున్నావిడ చెప్పిన లోపాలు

కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆవిడకి, ఇంకో ఇల్లు కొని అద్దెకివ్వాలని బుద్ధి పుట్టింది. దాంతో మనశ్శాంతి కాస్తా పోయింది.

"కొత్తదా, పాతదా?" అన్నాడు మొగుడు. "అద్దెకెవరూ రాకపోతే?" అంది ఆడపడుచు. "కుళాయి పాడైతే ఎవరు పరిగెత్తాలి? బ్యాంకు వాయిదా అద్దెతో సరిపోతుందా?" అని మళ్ళీ మొగుడు. అందరూ అడిగేవాళ్ళే, జవాబు చెప్పే పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. షాపుకొచ్చినవాళ్ళు కూడా బోర్డు మీద అక్షరాలు చదవడం ఆపేసి, "ఇప్పుడు కొనడం మంచిదేనంటారా?" అంటుంటే, ఆవిడకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

చివరికి బ్రోకరు ఒక ఫ్లాటు చూపించాడు. రెండు గదులు, వెలుతురున్న వంటిల్లు. ధర మాత్రం ఆశ్చర్యపోయేంత తక్కువ.

"లోపల అద్దెకున్నావిడ ఉంది. ఆవిడ మాటలు పట్టించుకోకండి," అన్నాడు మెట్ల మీదే.

ఆ అద్దెకున్నావిడ రిటైరైన నర్సు. తలుపు తీస్తూనే మొదలెట్టింది.

"ఈ గోడ చూశారా, చెమ్మ! వానొస్తే గొడుగేసుకుని పడుకోవాలి. కింద వాళ్ళు పోట్లాడుకుంటే తిట్లన్నీ మనకే. ఇక ఎలుకలంటారా..."

"ఎలుకలెక్కడున్నాయండీ!" బ్రోకరు జుట్టు పీక్కున్నాడు.

"నీ మొహం చూసి దాక్కున్నాయి."

వంటింట్లో మొదలైన పురాణం బాల్కనీ దాకా సాగింది. షాపావిడకి ఓపిక నశించింది.

"పిన్నిగారూ, ఇంత నరకంలో మీరెందుకుంటున్నారు? ఖాళీ చేసి పోవచ్చుగా?"

నర్సు కుర్చీలో కూలబడింది.

"పక్క ఫ్లాటులో మా అక్క ఉంటుంది. పక్షవాతం. లేపాలన్నా, తిప్పాలన్నా నేనే. కొన్నవాళ్ళు నన్ను పంపించేస్తే దాని గతేంటమ్మా?"

కొనడానికొచ్చినవాళ్ళందర్నీ ఇలాగే తరిమిందట. ఇల్లుగలాయన విసిగిపోయి ధర తగ్గిస్తూ వచ్చాడు. బ్రోకరు నేల చూపులు చూశాడు.

"మరి ఇందులో నిజమెంత?"

"చెమ్మ నిజమే. స్నానాలగది పైపు కారుతోంది. ఎలుక... ఎప్పుడో ఒకటొచ్చింది."

షాపావిడకి ఒళ్ళు మండింది, జాలీ వేసింది. ఏది ముందో ఆవిడకే తెలియలేదు. ఇంటికెళ్ళి మొగుడితో, "కొంటున్నాను. ఇక ఏమీ అడక్కు," అంది. నర్సు అక్కడే ఉండేట్టు అగ్రిమెంటు రాయించింది.

కొరివితో తల గోక్కున్నానని తర్వాత తెలిసింది. పైపు బాగుచెయ్యడానికి ప్లంబర్ని పంపితే, పనితనం బాగాలేదని నర్సు గొడవపెట్టుకుంది. అతను సంచీ సర్దుకుని పోయాడు. ఇంకొకడొచ్చాడు, వాడూ పోయాడు. ప్రతిసారీ షాపు మూసుకుని ఈవిడ పరిగెత్తాలి. "నేను ఇల్లు కొన్నానా, అత్తగారిని కొన్నానా?" అని ఆడపడుచు దగ్గర మొత్తుకుంది. ఆడపడుచు నవ్వు ఆపుకోలేక ఫోను పెట్టేసింది.

మూడో ప్లంబరుకి చెవుడు. నర్సు ఎంత సాధించినా తన పని తాను చేసుకుపోయాడు. పైపు కారడం ఆగింది.

గోడ ఆరిందో లేదో చూద్దామని షాపావిడ వెళ్ళేసరికి నర్సు ఇంట్లో లేదు. పక్క ఫ్లాటు తలుపు తీసుంది. లోపల అక్కని మంచం మీంచి కుర్చీలోకి మార్చబోతోంది.

"వచ్చావా అమ్మాయ్? ఇటు పట్టు."

"షాపు తెరవాలి పిన్నిగారూ!"

"తెరుద్దువులే. మోకాలి కింద చెయ్యి పెట్టు. అలా కాదు! అయ్యో రామ, అలా కాదు!"

షాపావిడ పళ్ళు నూరుకుంటూ, సంచీ కింద పడేసి, చెయ్యి పెట్టింది.