చొక్కాలు లేని పందెం

"ఈసారికి చొక్కాలు వద్దు లోర్నా," అన్నాడు హార్లన్ కోచ్ రెన్‌క్విస్ట్.

పలూస్ స్టేట్ కోచ్ లోర్నా నవ్వులాటేమో అనుకుంది. స్నేక్ నదిలో పలూస్ స్టేట్, హార్లన్ విశ్వవిద్యాలయాల పడవలు పోటీపడ్డ ప్రతిసారీ, ఓడిన కుర్రాళ్ళు ఒడ్డుకొచ్చి ఒంటిమీది చొక్కా విప్పి గెలిచినవాళ్ళ చేతిలో పెడతారు. కప్పులు ఎవరికీ గుర్తుండవు. ఎదుటివాడి చెమట చొక్కాని మాత్రం ముసలితనం దాకా దాచుకుంటారు.

"ఎందుకు వద్దు?"

"అవి బట్టల కంపెనీవి. మీద కొత్త లీగ్ ముద్ర ఉంది. ఎవరికీ ఇవ్వకూడదని ఒప్పందం రాసుకున్నారు. నన్నేం చెయ్యమంటావ్?"

"ఓడితే మీవి ఇవ్వరు. గెలిస్తే మావి తీసుకుంటారేం?"

హార్లన్ కోచ్ నీళ్ళకేసి చూశాడు.

ఇద్దరూ ఉన్న కాలేజీల లీగ్ వదిలి హార్లన్ వెళ్ళిపోయి ఏడాదైంది. తూర్పున ఉన్న పెద్ద లీగ్ హార్లన్ ఫుట్‌బాల్‌కి ఎక్కువ టీవీ డబ్బు చూపించింది. వాళ్ళు వెళ్ళారు, వాళ్ళ వెనకే మరికొందరు వెళ్ళారు. పాత లీగ్ చిల్లుపడ్డ కుండైంది. టీవీవాళ్ళు ముఖం చాటేశారు. గోధుమ చేల మధ్య ఉన్న పలూస్ స్టేట్‌ని రమ్మన్నవాళ్ళు లేరు. ఆ ఫుట్‌బాల్ సొమ్ము మీదే ఈతగాళ్ళూ, పరుగువాళ్ళూ, పడవవాళ్ళూ బతికేవాళ్ళు.

"ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే," అంది లోర్నా. "మీ కొత్త పడవ చూడు, ఎలా నిగనిగలాడుతోందో!"

"నేనేమన్నా సంతకం పెట్టానా? మా పిల్లలు తూర్పుకి తిరుగుతూ సగం చదువు విమానంలోనే చదువుతున్నారు. నాకేమన్నా సరదానా?"

"జీతం సరదాగానే ఉందిగా! నోరు మూసుకుని పుచ్చుకుంటున్నావుగా!"

ఆ మాట అతనికి తగిలిందో లేదో గానీ ఆమెకు తగిలింది. కోపం నాలుక మీదే ఒక్క క్షణం ఆగి, ఎటు పోవాలో తెలియనట్టు వెనక్కి తిరిగింది.

పోయిన వారం మొదట్లో ఆటల డైరెక్టర్ పిలిచి చెప్పాడు: మగపిల్లల పడవ జట్టుకి ఇదే ఆఖరి పోటీ. ఆడపిల్లలకీ ఆటల్లో సమాన చోటివ్వాలన్న చట్టం వాళ్ళ జట్టుని కాపాడుతుంది, దాని కోచ్ పదవి నీదే. పోటీ అయ్యేదాకా పిల్లలకి చెప్పకు, ఒడ్డున దాతలుంటారు, రభస వద్దు. లోర్నా తలూపింది. కుర్రాళ్ళు ఆఖరిసారి బెంగ లేకుండా తెడ్డు వెయ్యాలి, అందుకే చెప్పడం లేదనుకుంది. ఆ అబద్ధం ఎంత మెత్తగా ఉందంటే, దాని మీద తల పెట్టుకుని రోజూ హాయిగా నిద్రపోయింది. ఇప్పుడు ఆ నిద్ర గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

రెన్‌క్విస్ట్‌ని అక్కడే వదిలేసి గబగబా రేవులోకి దిగింది. ఎనిమిదిమంది పడవను భుజానెత్తుకుని వస్తున్నారు. పడవ చివర కూర్చుని దారి చూపే ప్రూ పక్కన నడుస్తోంది.

"పడవ దించండి," అంది లోర్నా.

దించారు. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

కెప్టెన్ ఎమెట్ పడవ అంచు తుడిచాడు. "మీకెప్పుడు తెలిసింది కోచ్?"

"పోయిన సోమవారం."

"వేరే కాలేజీకి మారడానికి గడువు పోయిన శుక్రవారంతోనే అయిపోయింది. నన్ను రమ్మన్నవాళ్ళున్నారు. గురువారం మిమ్మల్ని అడిగాను. ఇక్కడే ఉండు, వచ్చే ఏడు పడవ నీదే అన్నారు."

"అన్నాను."

"అన్నారు! నవ్వుతూ అన్నారు!"

"మరి మీకేం ఇస్తామన్నారు?" అంది ప్రూ.

"ఆడపిల్లల జట్టు."

"అబ్బ, ఎంత చవగ్గా దొరికారు కోచ్!"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"పుచ్చుకుంటారా?" అన్నాడు ఎమెట్.

పుచ్చుకోనని చెప్పాలనుకుంది. ఆ మాట కోసం లోపల వెతికితే ఇంటి అద్దె దొరికింది, తన వయసు దొరికింది, భయం దొరికింది. "తెలీదు," అంది.

"ఇంత జరిగాకా తెలీదా?"

"ఇవాళ మీరు దిగకపోయినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేరు. అంటే నేను చూసుకుంటాను."

"మీరు చూసుకున్నది చాలు," అన్నాడతను. "దిగుతాం. మీ కోసం కాదు, డైరెక్టర్ కోసం అసలే కాదు. మీ మోటారు పడవ మాత్రం మా వెనక రాకూడదు. గొంతు కూడా వినిపించకూడదు."

ప్రూ కేకకి అందరూ ఒక్కసారిగా పడవ ఎత్తారు. నీటిలో దించి ఎక్కి కూర్చున్నారు. ఒక్క తోపుతో రేవు విడిచారు.

తెడ్డు వేసేవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చుంటారు. వెళ్ళే దిక్కు చూసేది ప్రూ ఒక్కతే. ఆమె భుజాలకి అటూ ఇటూ మిగతా ఎనిమిది మొహాలూ రేవు వైపే, లోర్నా వైపే తిరిగి ఉన్నాయి. ఇన్నేళ్ళూ మోటారు పడవలో వాళ్ళ వెంటే వెళ్ళేది గనక, ఆమెకు వాటిని రేవు మీద నిలబడి చూడాల్సిన పని పడలేదు. ఒక్కొక్క తెడ్డు దెబ్బకీ దూరమవుతున్నారు గానీ ఒక్కడూ చూపు దించలేదు. పక్కకి తప్పుకుందామనుకుంది. తప్పుకోకుండా నిలబడింది.