వచ్చే జూన్ ప్లాను

టిఫిన్ డబ్బాలకు మూతలు పెడుతుంటే మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు, "నీ పనే నయం. గంటసేపు కబుర్లు చెప్పొస్తావు, దానికి ఉద్యోగమని పేరు."

నేను చెప్పేది స్పోకెన్ ఇంగ్లీష్. షాపుల పైన ఒక అద్దె గదిలో, పగలంతా పని చేసుకుని సాయంత్రం వచ్చే పెద్దవాళ్లకి. ప్రతి బ్యాచ్‌కీ పదో రోజు భవిష్యత్తు ప్లాన్ల పాఠం. మా దగ్గర ఒక పద్ధతుంది: ముందు టీచర్ తన ప్లాను చెప్పాలి, అప్పుడే వాళ్లకి బెరుకు తీరుతుంది. తొమ్మిదేళ్లుగా నా ప్లాను ఒక్కటే. వచ్చే జూన్‌లో టీచర్ల ట్రైనింగ్‌కి వేరే ఊరు వెళ్తాను. మూడు నెలలు హాస్టల్లో ఒక్కదాన్నే ఉంటాను. తిరిగొచ్చి కాలేజీలో పాఠాలు చెప్తాను. ఒక్కదాన్నే అనేటప్పుడు నాకెంత హాయిగా ఉంటుందో ఎవరికీ తెలియదు.

ఇంట్లో ఆ మాట ఎత్తితే మొదట్లో పిల్ల చిన్నది. తర్వాత పిల్ల పదో తరగతి. ఆ తర్వాత అత్తగారి మోకాళ్లు. "వెళ్దువుగానిలే, ట్రైనింగ్ ఎక్కడికి పారిపోతుంది?" అనేవాడు ఆయన. "నేను పోయాక వెళ్దువులే అమ్మా" అని అత్తగారు కళ్లు ఒత్తుకునేది. మోకాళ్లు తప్ప ఆవిడ గుండ్రాయిలా ఉంది. ట్రైనింగ్ పారిపోలేదు, నా వయసే పారిపోయింది. నలభై అయిదు దాటితే తీసుకోరు, నాకు వచ్చే నెలకి నిండుతాయి.

ఇవాళ కూడా బోర్డు ముందు నిలబడి అదే ప్లాను రాసి చదివాను. వెనక బెంచీలోంచి టైలరమ్మ చెయ్యెత్తింది. కాన్పుకని మధ్యలో మానేసి, రెండేళ్లకి మళ్లీ చేరింది. క్లాసులో ఇంగ్లీషే మాట్లాడాలన్న నియమం పక్కన పెట్టి, "మేడమ్, అప్పుడూ ఇదే చెప్పారు కదా. వెళ్లలేదా?" అంది.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. "ఇంట్లో వద్దన్నారా?" అంది మెల్లిగా. "మా ఇంట్లోనూ అంతే మేడమ్. సొంతంగా షాపు పెడతానంటే, చూద్దాంలే అంటారు."

ఔనంటే సరిపోయేది. ఎనిమిదేళ్లు అది నిజం కూడా. కానీ ఈ ఏడు, ఏ గాలి వీచిందో, మా ఆయన "సరే వెళ్లు, ఎలాగో సర్దుకుంటాం" అన్నాడు. నిన్న సాయంత్రం అయిదింటికి గడువు. ఫారమంతా నింపాను, పంపడానికి ఒక్క బటన్ నొక్కాలి. ఈ డబ్బాలు ఎవరు సర్దుతారు, అత్తగారి మందులు ఎవరు చూస్తారు, పిల్లకి జ్వరమొస్తే ఎలా అనుకుంటూ కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. ఎవరూ ఒక్క మాటా అనలేదు. వాళ్ల మాటలన్నీ నాలోనే కాపురం పెట్టేశాయి. బటన్ మీదికి చెయ్యి రాలేదు. అయిదు దాటాక లేచి ఆరిన బట్టలు మడతపెట్టాను. ఆఖరి చొక్కా మడతపెట్టాక ఏడుపొచ్చింది.

డస్టర్ తీసుకుని బోర్డు మీద నా ప్లాను తుడిచేశాను. వెళ్లి టైలరమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నాను.

"ఈసారి ఎవరూ వద్దనలేదమ్మా," అన్నాను. "నువ్వు రేపే షాపుకి గది చూసుకో. ఇంట్లో సరే అనేదాకా ఆగకు. అప్పటికి వద్దనేది నువ్వే అవుతావు."